ఎర్రదారం కట్టిన బల్బులు

ఆ రోజుల్లో అనగానే మీరు లాంతర్ల కాలానికి వెళ్లిపోకండి. నేను చెప్పేది మొన్నమొన్నటి మాట, అదీ ఐర్లండులో, ఎన్నిస్ అనే ఊళ్లో. అయినా నా లెక్కలో అది చిన్నతనమే. అందరికీ ఉద్యోగంలో చిన్నతనం ఇరవై ఏళ్లకి వస్తే, నాకు యాభై దగ్గరపడుతుండగా వచ్చింది. అక్షరాలు కూడా అప్పుడే వచ్చాయి. (లిమరిక్‌లో మనవాళ్ల పిల్లలకి శనివారాలు తెలుగు నేర్పేవారు. చెల్లెలి కూతుర్ని దింపడానికి వెళ్లి, వెనకాల ఒక పొట్టి కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చున్నాను. ఆ పిల్ల ఒత్తుల దగ్గర ఆగిపోయింది, నేను ఆగలేదు.) అందుచేత ఆ ఏడాది నేను చేసిన ఘనకార్యాలన్నీ కుర్రతనం కిందే వస్తాయని, మీరు కూడా అలాగే చూడాలని మనవి.

మా ఆయన షానన్ దగ్గర ఒక హోటల్ వంటింట్లో పనిచేసేవారు. మా ఇంటికి నాలుగిళ్ల అవతల మా చెల్లెలి ఇల్లు. చెల్లెలు ఆసుపత్రిలో నర్సు. దాని భర్త, అంటే మా మరిదిగారు, లిమరిక్‌లో కంప్యూటర్ ఉద్యోగం. రోజంతా కంప్యూటర్లో కంటికి కనపడని వస్తువులు తయారుచేసి విసుగెత్తి, చేత్తో పట్టుకునే వస్తువు ఒకటైనా చెయ్యాలని పంతం పట్టి, ఇంటి గరాజులో టార్చిలైట్ల తయారీ మొదలుపెట్టారు. దాంతో కారు వానలోకి, బట్టలారబెట్టే మిషను వంటింట్లోకి వచ్చాయి. పగలు గరాజు చూసుకోవడానికి నన్ను జీతం మీద పెట్టుకున్నారు. నా జన్మలో అదే మొదటి ఉద్యోగం. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని నాలుగిళ్లు నడిచి డ్యూటీకి వెళుతుంటే, ఆ వీధంతా నన్నే చూస్తున్నట్టుండేది. (వానలో ఎవరూ బయటికి వచ్చేవారు కాదు, అది వేరే సంగతి.)

చెల్లెలికి మాత్రం మా కార్ఖానా గిట్టేది కాదు. "అక్కా, నీకూ ఆయనకీ కలిపి చెబుతున్నా. ఈ చలికాలం వెళ్లేలోగా పరాయి మనిషి ఒక్కడైనా మీ టార్చిలు కొని బావున్నాయనాలి. లేకపోతే నా గరాజు నాకు ఖాళీ చేసెయ్యండి. వంటింట్లో పోపు పెడుతుంటే పక్కన నా యూనిఫారాలు తిరుగుతున్నాయి," అంది. అది మాటంటే మాటే. గరాజు పోతే నా ఉద్యోగం పోయినట్టే. మళ్లీ ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని వాన చూడాలి.

ఆ పరాయి మనిషి గొర్రెలు పెంచే ఒక ముసలాయన రూపంలో దొరికాడు. మేం ఆయనకి గ్రాండ్ తాత అని పేరు పెట్టుకున్నాం. బాగుందనడానికి అక్కడ గ్రాండ్ అంటారు. ఈయనకి వాన పడినా గ్రాండే, ఆగినా గ్రాండే. గరాజులోకి వస్తూనే గోరింటాకుతో ఎర్రబడ్డ నా జుట్టు చూసి, "ఈమెది మా దేశమే, సందేహం లేదు," అన్నాడు. (అక్కడ చాలామందికి పుట్టుకతోనే ఎర్రజుట్టు.) గొర్రెలు ఈనే కాలానికి డజను టార్చిలు కావాలని, బాగుంటే చుట్టుపక్కల గొర్రెలవాళ్లందరికీ తనే చెబుతానని మాటిచ్చాడు. మేము ఇక భూమ్మీద లేం.

టార్చికి ప్రాణం బల్బు. కందిపప్పు బద్దంత ఉంటుంది, దాని మీదే ఉంటుంది మన పరువంతా. మరిదిగారు నలుగురైదుగురు అమ్మకందార్ల దగ్గర శాంపిళ్లు తెప్పించారు. ప్యాకెట్ల మీద పేర్లు ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిపి బారెడు పొడుగున్నాయి. తెలుగులోనే నాకు ఇంకా ఒత్తులు నడుస్తున్నాయి. అందుకని కుట్టుపెట్టె తెచ్చి, ఒక్కో ప్యాకెట్టుకి ఒక్కో రంగు దారం కట్టేశాను. మరిదిగారు మొదట నవ్వారు. రెండోరోజుకి ఆయనే "వదినగారూ, ఆ పచ్చదారం ఇలా ఇవ్వండి," అనడం మొదలుపెట్టారు. చివరికి రెండు మిగిలాయి. ఎర్రదారం ఒకటి, ఇటుకరంగు దారం ఒకటి. ఇటుకరంగుది కళ్లు బైర్లు కమ్మేంత తెలుపు. ఎర్రదారంది కాస్త నెమ్మది. నేను పోపులపెట్టె తెచ్చి మూత తీసి రెండింటి కిందా పెట్టాను.

"చూడండి మరిదిగారూ. ఎర్రదారం కింద మిరపకాయలు నిన్న కొన్నట్టున్నాయి. ఇటుకరంగు కింద అవే మిరపకాయలు పోయినేడువిలా లేవూ?"

"దాన్ని కొలవడానికో అంకె ఉంది వదినగారూ. మీ ఎర్రదారానికి తొంభై పైన, దానికి డెబ్బై."

"అంకె మీ దగ్గరుంచుకోండి. మిరపకాయ నా దగ్గరుంది."

ఎలా చూసినా ఎర్రదారమే నెగ్గింది. ఇంత శ్రద్ధగా సరుకు ఎంచేవాళ్లు ఐర్లండులో మరెవరూ ఉండరని మా ఇద్దరికీ గట్టి నమ్మకం కలిగింది.

రెండురోజుల తర్వాత మరిదిగారు ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. "వదినగారూ, ఇప్పుడే ఆర్డరు పెట్టేస్తున్నా. ఎర్రదారం ప్యాకెట్టు ఫొటో తీసి పంపండి, నంబరు చూసి కొట్టేస్తా." చలికాలం, సాయంత్రం నాలుగున్నరకే అక్కడ చిమ్మచీకటి. గరాజు పెద్దలైటు స్విచ్చేమో అటు చివర, మధ్యలో అట్టపెట్టెలు. చేతిలో మా సొంత టార్చి ఉండగా ఆ పెట్టెలు దాటడం ఎందుకు, మన సరుకు మనమే నమ్మకపోతే ఎలా అనుకుని, దాని వెలుగులోనే దారం చూసి, ప్యాకెట్టు తీసి, ఫొటో పంపించి, ఇంటికెళ్లి చపాతీలు చేసుకున్నాను. బల్బులు వచ్చాయి. ఫొటోలో నంబరూ పెట్టె మీద నంబరూ ఒకటేనని మరిదిగారు సరిచూశారు. పెట్టెకి నేనే స్వయంగా ఎర్రదారం కట్టాను. టార్చిలు తయారుచేసి నీళ్లలో ముంచాం, నేల మీద పడేశాం, గంటలు గంటలు వెలిగించి వేడి చూశాం. మిరపకాయ పరీక్ష మాత్రం మళ్లీ చెయ్యలేదు. ఒకసారి పాసయిన వాళ్లకి మళ్లీ పరీక్ష పెడతామా? గ్రాండ్ తాత డజనూ తీసుకుని, ఒకటి ఆకాశంలోకి వెలిగించి చూసి, "గ్రాండ్," అని వెళ్లిపోయాడు.

ఒక శనివారం పొద్దున్నే చెల్లెలి ఇంటి ముందు జీపు ఆగింది. వెనక ట్రైలర్లో రెండు గొర్రెలు. జీపులోంచి గ్రాండ్ తాత, ఆయన పక్క పొలం రైతూ దిగారు. ఆ రైతు ముఖం జేవురించి ఉంది.

"ఇవి నా గొర్రెలు. ఈయన కొట్టంలో దొరికాయి. మీ టార్చి వేసి చూసే తోలుకెళ్లానంటున్నాడు. గార్డులకి ఫోన్ చెయ్యనా?" అన్నాడు. (అక్కడ పోలీసుల్ని గార్డులంటారు.)

అక్కడి కొండల మీద గొర్రెలన్నీ కలిసే మేస్తాయి. ఎవరివెవరివో తెలియడానికి వీపు మీద రంగు వేస్తారు. తాతది ఎరుపు, పక్కాయనది నారింజ. "టార్చి వేసే చూశాను. ఎరుపే," అన్నాడు తాత. "కళ్లు పోయాయి ముసలాడికి. గొర్రెలు అమ్ముకుని కూర్చోమంటే వినడు," అన్నాడు పక్కాయన. తాత ఈసారి గ్రాండ్ అనలేదు. టోపీ తీసి చేతిలో తిప్పుతూ, కంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నానని మెల్లిగా చెప్పాడు.

నాకు టార్చి మీదే అనుమానం వచ్చింది. ఒక గొర్రెని గరాజులోకి లాక్కొచ్చి (అది నా టిఫిన్ డబ్బా తన్నేసింది), తలుపు మూయించి, మా టార్చి వెలిగించి, "ఇప్పుడు ఇది ఎవరిదో మీరు చెప్పండి," అన్నాను పక్కాయనతో. మరిదిగారు ఇంగ్లీషులో చెప్పారు. ఆయన వంగి బురదపట్టిన ఆ రంగు చూసి, ఠక్కున "ఇది ఈయనదే," అన్నాడు. అనేసి నాలిక్కరుచుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. కుట్టుపెట్టెలోంచి ఎర్రదారం, ఇటుకరంగు దారం తీసి అదే టార్చి కింద పట్టుకున్నాను. రెండూ అక్కచెల్లెళ్లు. గుమ్మంలోకి వెళ్లి పగటి వెలుగులో పట్టుకున్నాను. ఒకటి మిరపపండు, ఒకటి ఇటుక. చీర కొనేటప్పుడు కొట్టు గుమ్మందాకా తీసుకెళ్లి వెలుగులో రంగు చూడకుండా ఏనాడూ డబ్బివ్వని దాన్ని నేను!

"వదినగారూ, ఆరోజు ఫొటో తీసేటప్పుడు మీ చేతిలో ఏ టార్చి ఉంది?" అన్నారు మరిదిగారు.

"ఇటుకరంగు బల్బుదే. శాంపిలుకి బిగించి మీరే ఇచ్చారుగా."

ఆయన అట్టపెట్టె మీద కూలబడ్డారు. మేం వద్దని తీసేసిన బల్బు తన వెలుగుతో తన దారాన్నే ఎర్రగా చూపించి, తనని తానే ఎంపిక చేయించుకుంది. అంత గడుసుతనం మనుషుల్లో కూడా చూడలేదు నేను.

"అయితే నా కళ్లు?" అన్నాడు తాత.

"మీ కళ్లకేం, గ్రాండ్," అన్నాను. ఐర్లండు మనిషితో నేను ఇంగ్లీషులో మాట్లాడిన మొదటి మాట అది. తాత టోపీ పెట్టుకుని ఎంత నవ్వాడంటే, ట్రైలర్లో రెండో గొర్రె బెదిరిపోయింది. డజను టార్చిలూ వెనక్కి తీసుకుని, అసలైన ఎర్రదారం బల్బులు తెప్పించి, మార్చి ఇచ్చాం. పక్కాయన కూడా ఒకటి కొన్నాడు. "ఈయన మళ్లీ వస్తే చూసుకోవాలిగా," అన్నాడు. ఆ ఏడాది గొర్రెలవాళ్ల నోట మా టార్చి కంటే ముందు మా గొర్రె కథే పాకింది, దాని వెనకాలే టార్చీ వెళ్లింది. గరాజు ఇప్పటికీ మాదే. బట్టలారబెట్టే మిషను మాత్రం మా ఇంటికి వచ్చింది, చెల్లెలి యూనిఫారాలు ఇప్పుడు నా పోపు పక్కన తిరుగుతున్నాయి.

ఇప్పుడు ప్యాకెట్ల మీద ఇంగ్లీషు పేర్లు కూడా నేనే చదువుతాను. అయినా దారం కడతాను, గుమ్మంలో నిలబడి. వెనక్కి తీసుకున్న టార్చిల్లో ఒక్కదానికి మాత్రం బల్బు మార్చకుండా నా దగ్గరే ఉంచుకున్నాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. గరాజు చీకట్లో దాని వెలుగులో అద్దం చూసుకుంటే గోరింటాకు ఎరుపంతా ఎటో పోయి, జుట్టు నల్లగా కనిపిస్తుంది. అద్దంలో ఒక నల్లజుట్టు మనిషి, ఆ ఫొటో తీసిన సాయంత్రంలాగే స్విచ్చి దాకా వెళ్లడానికి బద్ధకించి, చేతిలో టార్చి చూసుకుని మురిసిపోతూ నిలబడి ఉంటుంది. ఆమెని కాసేపు అలాగే మురవనిచ్చి, ఆ తర్వాత పెట్టెలు దాటుకుంటూ వెళ్లి పెద్దలైటు వేస్తాను.