ఆరో దీవి వెడల్పు

గొలుసన్నకు ఆ పేరు మెడలో గొలుసుండి రాలేదు. ఆయన ఒంటి మీద వీసమెత్తు బంగారం నేనెన్నడూ చూడలేదు. నది సముద్రంలో కలిసేచోట ఉన్న పదకొండు దీవుల్ని, ఇనప కొలతగొలుసు భుజాన వేసుకుని, ముప్పై ఏళ్లపాటు ఏటా కొలిచాడు. పటాల ఆఫీసులో ఆయన కొలిచేవాడు, నేను గీసేదాన్ని. నాకు నోరెక్కువని ఆఫీసంతా అంటారు, అది నిజమే. పై అధికారితో పేచీ పెట్టాను, సిరా సరఫరా చేసేవాడితో పెట్టాను, గొలుసన్న తెచ్చిన అంకెతో మాత్రం పెట్టలేదు. ఆయన రాశాడంటే ఇక దానికి తిరుగులేదు.

ఆ దీవులు రాతివి కావు. వరదల్లో నది మోసుకొచ్చిన ఒండ్రు, అలలు వెనక్కి తోసిన ఇసుక ఒకచోట పేరుకుంటాయి. దాని మీద గడ్డి మొలుస్తుంది, ఆ గడ్డి వేళ్లు మళ్లీ ఇసుకను పట్టి ఆపుతాయి. ఉత్తరపు ఒడ్డు కోసుకుపోతుంటే దక్షిణపు కొన మేట వేస్తుంది. అంటే దీవి ఒకచోట కుదురుగా ఉండదు, పాకుతుంది. మొదట అక్కడికి చేరింది గుల్లలు కాల్చి సున్నం చేసేవాళ్లు. తర్వాత చేపలవాళ్లు. ఆ తర్వాతెప్పుడో, ఓడల్లో జబ్బుపడ్డవాళ్లను ఊళ్లోకి రానివ్వకుండా ఉంచడానికి ఆరో దీవిలో ఒక ఆసుపత్రి కట్టారు. జబ్బులు పోయాయి, ఓడలు పోయాయి. జనం ఆ ఆసుపత్రి ఇటుకలు పీక్కుని ఇళ్లు కట్టుకున్నారు. ఆఖరికి ఎగువన ఆనకట్ట లేచింది, ఒండ్రు రావడం ఆగింది. తినడమే గానీ పెట్టడం లేకపోతే ఏ ఇల్లయినా ఎన్నాళ్లు నిలుస్తుంది? ఈ ముక్క పై అధికారికి చెబితే గోడకు చెప్పినట్టయింది.

గొలుసన్న పుట్టింది ఆరో దీవిలోనే. తల్లి పోతే అక్క పెంచింది. ఆవిడ భర్త సున్నం బట్టీ నడిపి ఊపిరితిత్తులు పాడై పోయాడు. పిల్లలు లేరు. ఉన్న పిల్లాడు ఈ తమ్ముడే. నలభై ఏళ్లు దాటాక కూడా ఆయన పడవ దిగగానే, "చొక్కా గుండీ ఊడింది, ఇలా రా" అనేది. మా ఆఫీసు గుమాస్తా దాన్ని అనుకరించి మమ్మల్ని నవ్వించేవాడు. గొలుసన్న కూడా నవ్వేవాడు.

ఆవిడ రోజూ పొద్దున్నే చేసే పని ఒకటుండేది. దీవిలో ఉన్నది ఒకటే మంచినీళ్ల బావి. ఇసుక కింద ఉప్పునీళ్ల మీద వాననీళ్లు తేలుతూ ఉంటాయి. దీవి వెడల్పుగా ఉన్నంతకాలం ఆ నీళ్లు తియ్యగా ఉంటాయి, సన్నబడితే ఉప్పు పైకెక్కుతుంది. మొదటి చేద ఆవిడే తోడి, రుచి చూసి, "తోడుకోండి" అనేది. ఆ తర్వాతే మిగతావాళ్లు బిందెలు దించేవాళ్లు.

ఇక కొలతకు ఒక నియమం ఉంది. ఏడాదిలో అతి పెద్ద పోటు వచ్చే రోజున, నీళ్లు పూర్తిగా ఎక్కాక, మిగిలిన నేలను కొలవాలి. నూట యాభై మీటర్లకు తగ్గితే ఆ దీవి మనుషులుండటానికి పనికిరాదని రాయాలి. అప్పుడు బడి మూస్తారు, పడవ ఆపుతారు, జనాన్ని ఒడ్డుకు తెచ్చి రేకుల షెడ్లలో పెడతారు.

మూడేళ్ల కిందట ఆరో దీవి కొలవడానికి వెళ్లినప్పుడు అక్క తమ్ముడితో ఒక మాట అంది. "ఈ దీవి పేరు కొట్టేసిన రోజున నన్ను కూడా కొట్టేసినట్టేరా. రేకుల షెడ్డులో నేను బతకలేను." అంతే అంది. తప్పు రాయమని అడగలేదు. అలా అడిగే మనిషి కాదు.

మర్నాడు పోటులో కొలిస్తే నూట ముప్పై వచ్చింది. గొలుసన్న గొలుసు చుట్టుకుని, గుల్లల కుప్ప మీద ఆరు గంటలు కూర్చున్నాడు. నీళ్లు వెనక్కి తీశాక, తడి ఇసుక మీద నడిచి మళ్లీ కొలిచాడు. రెండు వందల నలభై. అదే తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

తర్వాత రెండేళ్లూ అంతే. చుట్టుపక్కల దీవులన్నీ చిక్కిపోతుంటే అదొక్కటే నిక్షేపంగా ఉంది. "ఏంటన్నా, మీ దీవి ఒక్కటే ఒళ్లు చేస్తోంది? మీ అక్క వండి పెడుతోందా?" అన్నాను. "దక్షిణాన మేట వేసింది చెల్లెమ్మా" అన్నాడు, నా మొహం చూడకుండా. ఆయన అలా ఎటో చూస్తూ మాట్లాడటం నాకు కొత్త. చూశాను, నవ్వాను, గీశాను. అందులో నా పాపం నాకుంది, దాన్ని ఎవరి మీదకీ నెట్టను.

ఉప్పెన హెచ్చరిక ఒక పొద్దున వచ్చింది. మామూలు పడవ అన్ని దీవులూ తిరిగి, వస్తామన్నవాళ్లను తీసుకొచ్చింది. మధ్యాహ్నానికి గాలి పెరిగింది. మిగిలినవాళ్ల కోసం పంపడానికి పెద్ద పడవ ఒక్కటే దొరికింది. సన్నగా ఉన్న దీవికి ముందు, వెడల్పుదానికి చివర, అదీ వరస. ఆ జాబితా రాసింది నేను. దాన్ని పట్టుకుని రేవులో నిలబడ్డాను. కాలవల లోతు తెలిసినవాడని గొలుసన్నను కూడా పడవలో రమ్మన్నారు.

"ముందు ఆరో దీవికి పోనివ్వు" అన్నాడాయన పడవ నడిపే సరంగుతో.

సరంగు నా చేతిలో కాగితం చూశాడు. "నాలుగోది నూట అరవై. ఆరోది రెండు వందల ముప్పై. కొలిచింది నువ్వేగా?"

"ఆ అంకె తప్పు."

"ముప్పై ఏళ్లలో లేని తప్పు ఇవాళే వచ్చిందా అన్నా?"

"నీళ్లు తీశాక కొలిచాను. మూడేళ్ల నుంచీ అంతే. అక్కడ వంద మీటర్ల నేల కూడా లేదు. నా మాట విను."

సరంగు చెడ్డవాడు కాడు. ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "మీ అక్క ఉంది కాబట్టి అంటున్నావు. నీ బదులు నేనున్నా ఇదే అంటాను. నాలుగో దీవిలోనూ ముప్పైమంది ఉన్నారు. ఎక్కు."

గొలుసన్న నా వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, నువ్వైనా చెప్పు."

నాకు అనుమానం ఉంది. మూడేళ్లుగా ఉంది. కానీ అది అనుమానమే, ఆ కాగితం మీద ఉన్నది ఆయన అంకె. ఊరందరి మీదా లేచే నా నోరు ఆ ఒక్కసారి లేవలేదు. "నాకు తెలియదు" అన్నాను.

పడవ నాలుగో దీవికి పోయింది. ముప్పై ఒక్కమందిని తెచ్చారు. నడవలేని ఒక ముసలాయన్ని గొలుసన్నే వీపున మోసి రేవులో దించాడు. దించి, అప్పటికప్పుడే మళ్లీ పడవెక్కాడు. ఆరో దీవి చేరేసరికి అటు సముద్రం, ఇటు నది కలిసిపోయి ఉన్నాయి. అక్కడ ఉండిపోయిన పంతొమ్మిదిమందిలో ఏడుగురు పాత ఆసుపత్రి మొండిగోడ పట్టుకుని బతికారు. అక్క వాళ్లలో లేదు.

నాలుగు రోజుల తర్వాత నేనూ గొలుసన్నా ఒడ్డున బడి గదిలో తలదాచుకున్న ఆ ఏడుగురి దగ్గరికి వెళ్లాం, పోయినవాళ్ల పేర్లు రాసుకోవడానికి. ఆ పని తనే చేస్తానని గొలుసన్న పట్టుబట్టాడు. బెంచీలు గోడకు చేర్చి, కింద దుప్పట్లు పరిచారు. వలలు అల్లే పెద్దావిడ ఒకామె గోడకు ఆనుకుని కూర్చుంది. భర్తా కొడుకూ పోయారు. పేర్లు చెప్పింది, ఆయన రాసుకున్నాడు.

రాయడం అయ్యాక ఆవిడ ఆయన చేతి మీద చెయ్యి వేసింది. ఓదార్చడానికే. అంత పోగొట్టుకుని కూడా ఆవిడ ఈయన్ని ఓదార్చాలనుకుంది.

"ఉప్పెన రోజు పొద్దున కూడా మీ అక్క ధైర్యంగా ఉంది నాయనా. పడవొచ్చినప్పుడు మేమంతా మూటలు కట్టాం. బావి నీళ్లు ఉప్పెక్కి రెండేళ్లయింది కదా, మాకు భయం. ఆమే ఆపింది. నా నాలుకది ఏముంది, వయసైపోయింది అంది. మావాడు కొలిచాడు, రెండు వందల ముప్పై మీటర్లుంది, ఏ పోటూ అంత ఎక్కదు అంది. మా ఆయన ఒప్పుకోకపోతే కూడా ఊరుకోలేదు. మావాడు నా కోసమైనా సరే అబద్ధం రాయడు అంది. నీ మీద ఆమెకు అంత నమ్మకం."

గదిలో ఎవరో దగ్గారు. గొలుసన్న కాగితాలు కింద పెట్టాడు.

"రాశాను పెద్దమ్మా" అన్నాడు. "ఆమె కోసమే రాశాను."

ఆవిడకు అర్థం కాలేదు. దుఃఖంలో ఏదో అంటున్నాడనుకుని నా వైపు చూసింది, కాదని చెప్పమన్నట్టు. ఈసారి నేను నోరు విప్పాను. నిజమేనని చెప్పాను, నీళ్లు తీశాక కొలిచిన సంగతి, అసలు అంకె, అంతా.

ఆవిడ ఆయన చేతి మీద నుంచి తన చెయ్యి తీసేసుకుంది.