పటేల్‌గూడ నుంచి కొండాపూర్‌కి, లూజు స్టీరింగ్ బండిలో

నలభై మూడేళ్ళ వయసులో కారు నేర్చుకోవాలనే బుద్ధి నాకెందుకు పుట్టిందంటే, కొండాపూర్ మండలంలో ఒక పల్లెటూరి స్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. మేముండేది పటేల్‌గూడలో. బస్సులో వెళ్ళాలంటే బీరంగూడ కమాన్ దాకా ఆటో, అక్కడ సంగారెడ్డి బస్సు, సంగారెడ్డిలో ఇంకో బస్సు, అది దిగాక రెండు కిలోమీటర్ల నడక. ఒకరోజు వెళ్ళి చూస్తే రెండుంపావు గంటలు పట్టింది. అదే కారులో అయితే గంటా ఇరవై నిమిషాలు. పిల్లల కోసం మానేసిన ఉద్యోగం పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ చేతికొస్తుంటే వదులుకోబుద్ధి అవుతుందా? సోమవారం చేరాలి. వచ్చేదీ రానిదీ శనివారం సాయంత్రం ఐదింటిలోగా స్వయంగా వచ్చి చెప్పమన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. నేను రాకపోతే ఇంకొకావిడ సిద్ధంగా ఉందట. నాలాగా లేటు వయసులో స్టీరింగ్ పట్టుకుని ఈ రూట్లో వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం ఆ శనివారం సంగతి రాస్తున్నాను.

ఉద్యోగం మాట రాగానే, మూడు నెలల ముందే డ్రైవింగ్ స్కూల్లో చేరాను. వాళ్ళ కారులో బాగానే నడిపాను, లైసెన్సు కూడా వచ్చేసింది. గొడవంతా మా సొంత కారుతోనే. పద్దెనిమిదేళ్ళ పాత బండి, పవర్ స్టీరింగ్ లేదు, మా ఆయనకి ప్రాణం. ఆదివారాలు ఇంద్రేశం వైపు కొత్త లేఅవుట్లలో ప్రాక్టీసు చేసేవాళ్ళం. అక్కడ ఇళ్ళింకా లేవలేదు, రోడ్లు మాత్రం విశాలంగా వేసి పెట్టారు, నేర్చుకునేవాళ్ళకి అంతకంటే మంచి చోటు లేదు. అంత ఖాళీ రోడ్డు మీద కూడా నేను స్టీరింగ్ పట్టుకుంటే బండి పాములా మెలికలు తిరిగేది. "చెయ్యి నిలకడగా పెట్టవే బాబూ! నీకు చెయ్యి నిలవదు, అంతే," అని మా ఆయన విసుక్కునేవారు. డ్రైవింగ్ స్కూలు కారులో బాగానే నడిపాను కదా అంటే, "ఆ కారుకి పక్క సీట్లో కూడా బ్రేకులుంటాయి, అందుకే నీకా ధైర్యం," అని కొట్టిపారేసేవారు. ఆయన పెద్ద ప్లాంటులో మెషిన్ షాపు ఇన్‌స్పెక్టరు. వెంట్రుక మందం తేడా కనిపించినా సామాను వెనక్కి పంపించే మనిషి. అలాంటాయన అంటుంటే నిజమే కాబోలు, నా చేతులే పనికిరావు అని నేనూ నమ్మేశాను. శుక్రవారం రాత్రికి చేతులెత్తేశాను. రానని చెప్పేద్దాం, తీసుకెళ్ళండి అన్నాను.

శనివారం ఆయనకి సెలవు. ఎనిమిదిన్నరకి బయల్దేరాం, ఆయనే నడుపుతున్నారు. నా ముఖం చూసి జాలేసిందో ఏమో, "పోనీ ఇంకోసారి అలైన్‌మెంట్ చేయిద్దాం," అని పటాన్‌చెరులో ఒక షాపు దగ్గర ఆపారు. చక్రాలు సరైన కోణంలో ఉన్నాయో లేదో మిషన్ మీద చూసి సరిచేసే షాపది. ఆ మూడు నెలల్లో ఇది మూడోసారి, ముందు రెండుసార్లూ వేరే షాపులవాళ్ళు పైపైన చూసి చేసి పంపేశారు. అక్కడ బీహారు నుంచి వచ్చిన ఒకతను బండిని మిషన్ మీదికి ఎక్కించి, ముందు చక్రాన్ని రెండు చేతులతో ఊపి చూసి, దింపేయమన్నాడు. "సాబ్, జాయింట్ ఖరాబ్ హై. పహలే మిస్త్రీ కో దిఖావో," అన్నాడు. జాయింటు పాడైంది, ముందు మెకానిక్‌కి చూపించండి అని. పైసా తీసుకోలేదు. రెండు వీధుల అవతల ఉన్న యాదగిరి అనే మెకానిక్ షెడ్డుకి దారి చూపించాడు. అప్పటికి తొమ్మిదిన్నర.

యాదగిరికి యాభై ఏళ్ళుంటాయి. చేతిలో ఉన్న చాయ్ పక్కన పెట్టి, బండి కిందికి దూరి, "సార్, స్టీరింగ్ జెర అటు ఇటు అనుండ్రి," అన్నాడు. మా ఆయన గిర్రున అటు చివరికి, గిర్రున ఇటు చివరికి తిప్పారు. చక్రాలు చక్కగా తిరిగాయి. "గిట్ల దొరకదు సార్. మెల్లగ, మెల్లగ!" అని యాదగిరి కింది నుంచి కేకేశాడు. ఎన్నిసార్లు చెప్పినా మా ఆయన చేతికి ఆ మెల్లగ రాలేదు. "మేడం, మీరు కూసోండ్రి ఒక్కసారి," అన్నాడు చివరికి.

భయపడే చేతులు కదా నావి, కొంచెం కొంచెంగా తిప్పాను. స్టీరింగ్ రెండు వేళ్ళ వెడల్పు జరిగింది, చక్రం మాత్రం ఉలకలేదు పలకలేదు. కింద ఎక్కడో టక్‌మంది. "ఇగో దొరికింది! సార్, మీరే వచ్చి సూడుండ్రి," అన్నాడు యాదగిరి. జాకీ పెట్టి ఎత్తి కుడి చక్రాన్ని పక్కలకి ఊపితే అది ఊడే పన్నులా కదిలింది. స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్ళే కడ్డీ చివర గుండు లాంటి జాయింటు ఒకటుంటుంది. దాని రబ్బరు తొడుగు చిరిగి, లోపలికి నీళ్ళూ దుమ్మూ పోయి అరిగిపోయింది. ఆ కడ్డీని పట్టి ఉంచే బుష్ కూడా పోయింది.

"ఇది గీ నడుమ పోయింది కాదు సార్, ఏండ్ల సంది మెల్లమెల్లగ అరిగింది. బండి జరిగినప్పుడల్లా మీ చేతులు తెల్వకుండనే సరిచేసుకున్నయి. మేడమ్‌కు ఆ అలవాటు లేదు గదా. ఉన్నది ఉన్నట్టు తిప్పింది, బండి వంకర పోయింది. గిట్లనే ఇంకొన్ని రోజులు తిరిగితే హైవే మీద జాయింటే ఊడిపోతుండె."

ముందు నాకు భయమేసింది, ఈ బండిలోనే కదా పిల్లల్ని తిప్పింది అని. తర్వాత కోపం ముంచుకొచ్చింది. మూడు నెలలు! ఎన్ని రాత్రులు నా అరచేతులు చూసుకుని ఏడ్చానో నాకే తెలుసు. మా ఆయన మాత్రం విప్పి పడేసిన జాయింటు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తున్నారు. ప్లాంటులో అయితే ఇలాంటిది గేటు దగ్గరే ఆపేసేవాళ్ళు.

ఒకవైపే పోయినా జాయింట్లు రెండువైపులా మార్చడం మంచిదన్నాడు యాదగిరి. సామాను తెప్పించి, బిగించి, బుష్ వేసి వదిలేసరికి రెండు దాటింది. మళ్ళీ అలైన్‌మెంట్ షాపుకి వెళ్ళాం, ఈసారి అతను నవ్వుతూ ఎక్కించుకున్నాడు. అన్నీ కలిపి నాలుగు వేల లోపే అయింది. కొండాపూర్ వెళ్ళాలని చెబితే, "మాది గా దిక్కే మేడం. రోడ్డు మంచిగనే ఉన్నది, పరేషాన్ కాకుండ్రి," అని యాదగిరి ముందే ధైర్యం చెప్పి పంపాడు.

మూడింటికి అలవాటు కొద్దీ మా ఆయనే స్టీరింగ్ ముందు కూర్చున్నారు. ఆ తర్వాత జరిగింది చూడాలి మీరు! హైవే ఎక్కామో లేదో బండి ఎడమకి గుంజింది, సర్దబోతే కుడికి గుంజింది. ఏళ్ళ తరబడి ప్రతిసారీ రెండు వేళ్ళు ఎక్కువ తిప్పిన చేతులాయె, ఇప్పుడా ఎక్కువంతా నేరుగా చక్రానికి పోతోంది. వెనకాల లారీవాడు హారన్‌తో చెవులు చిల్లులు పొడిచాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ముత్తంగి ఇంకా రాకుండానే బండి పక్కకి ఆపేశారు. ఆయనకి ముచ్చెమటలు పట్టేశాయి.

"నాకు చేతకావట్లేదే. నువ్వు తీసుకో," అన్నారు.

నవ్వాగలేదు నాకు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటుంటే, పక్క సీట్లోకి మారి కూర్చుని, "మూడు నెలలు నీ చేతిని తిట్టాను. తప్పు నాదే," అన్నారు. ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది.

బండి కదిలించాను. ఎటు తిప్పితే అటు, ఎంత తిప్పితే అంత! ఇస్నాపూర్ దగ్గర ఫ్యాక్టరీ బస్సులు రోడ్డంతా నిండిపోయినా నా వరసలోంచి నేను పక్కకి జరగలేదు. స్పీడు యాభై దాటకుండా రుద్రారం, కంది దాటేశాను. సంగారెడ్డి చౌరస్తా దగ్గర మాత్రం ఓపిక పట్టండి, నాలుగువైపులా బళ్ళు మీదికొస్తాయి, పది నిమిషాలు అదనంగా పెట్టుకోండి. ఊరు దాటాక రోడ్డుకి రెండువైపులా పత్తి చేలు, ట్రాఫిక్ పల్చబడుతుంది. ఐదుకి పావుగంట ముందు స్కూలు గేటు ముందు ఆపాను.

"వస్తరా మరి టీచరమ్మా? అంత దూరంకెల్లి రోజూ ఎట్ల వస్తరు?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు.

"వస్తానండీ. కారులో, నేనే నడుపుకుంటూ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఇది రాసేనాటికి నెల దాటింది, రోజూ ఆ రూట్లోనే వెళ్ళొస్తున్నాను. మా ఆయన చేతులు దారికి రావడానికి మూడు వారాలు పట్టింది, అప్పటిదాకా కూరగాయలకి కూడా నేనే తీసుకెళ్ళాను. నాకు చేతకాదేమో అని నన్ను నేను వంద రకాలుగా అనుమానించుకున్నాను గానీ, ఈ బండిలోనే ఏదైనా లోపముందేమో అని ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు. అదొక్కటే ఇప్పటికీ బాధ. మీ దగ్గర పాత బండి ఉంటే ఈ పని చేయండి. చదునైన చోట ఆపి, పవర్ స్టీరింగ్ అయితే ఇంజను ఆన్‌లో ఉంచి, ఒకరు ముందు చక్రాన్ని చూస్తుండగా ఇంకొకరు స్టీరింగ్‌ని మెల్లగా అటూ ఇటూ కదపాలి. రెండు వేళ్ళ వెడల్పు జరిగినా చక్రం కదలకపోతే అలైన్‌మెంట్ షాపుకి కాదు, ముందు మెకానిక్ దగ్గరికి వెళ్ళండి. ఆ స్టీరింగ్ కదిపే పని మాత్రం ఏళ్ళ తరబడి ఆ బండి నడుపుతున్నవాళ్ళకి ఇవ్వకండి, ఇంట్లో కొత్తగా నేర్చుకుంటున్నది ఎవరో వాళ్ళని కూర్చోబెట్టండి.