ల్యాప్‌టాప్ మీద ఒలికిన మజ్జిగ

రండి, ఆ చాప ఇటు లాక్కుని నా పక్కన కూర్చోండి. చెబుతున్నప్పుడు నా గొంతు లేస్తే మీ మీద కోపమనుకోకండి. అది ఎవరి మీదో వింటే మీకే తెలుస్తుంది. ఏళ్లు గడిచాయి, అందరం ముసలివాళ్లమయ్యాం. అయినా ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

మాది బెళుగుప్ప దగ్గర పల్లె. రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లు అయి ఉంటుంది. మా పాప అనంతపురంలో ఇంజినీరింగు ఆఖరి సంవత్సరం చదువుతోంది. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఆమె చదువు నాకు సగం కూడా అర్థం కాదు. కానీ ఆ ఏడు ఆమె ఒక ప్రాజెక్టు చేయాలని, దాన్ని కాలేజీలో అందరి ముందు నడిపి చూపించాలని, చూపించకపోతే చదువు పూర్తయినట్టు కాదని మాత్రం బాగా తెలుసు. నెలల తరబడి ఇంట్లో అదే మాట.

ల్యాప్‌టాప్ మాది కాదు. పాపతో చదివే స్నేహితురాలిది. వాళ్లకు అనంతపురంలో బట్టల అంగడి ఉంది. శివరాత్రి సెలవుల్లో ఇంటి దగ్గర మిగిలిన పని చేసుకుంటానని పాప అడిగితే ఆ అమ్మాయి ఇచ్చింది. ఎవరి చేతికీ ఇవ్వొద్దని ఒక్క మాట చెప్పి ఇచ్చింది. పాప దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని, చంటిబిడ్డను తెచ్చినట్టు తెచ్చింది. ఇంట్లో చీమలు రాని మూల చూసి, పీట వేసి, పీట మీద తువ్వాలు పరిచి, దాని మీద పెట్టింది. కరెంటు వస్తే చాలు, దాని ముందు కూర్చునేది. కాలేజీ కంప్యూటర్లో దాచినది పాతదని, సెలవుల్లో చేసిన పనంతా ఇందులో తప్ప ఇంకెక్కడా లేదని నాకు చెప్పింది. అప్పటినుంచి నేను కసువు ఊడ్చినా ఆ మూలకు దుమ్ము పోకుండా ఊడ్చేదాన్ని.

ఇక మా బావ. మా ఆయనకు స్వంత అన్న. ఊళ్లో ఎవరి బోరు మోటారు ఆగిపోయినా ఆయనకే కబురు పోయేది. నీళ్లకు మొహం వాచిన ఊళ్లో మోటారు తిప్పేవాడంటే మర్యాద ఎంతుంటుందో చెప్పాలా. ఆ మర్యాద ఆయన తలకెక్కింది. కరెంటు తీగ ఉన్న వస్తువు ఏదైనా సరే, తనకు తెలియనిది ఉండదనుకునేవాడు. రేడియో విప్పేవాడు, ఇస్త్రీపెట్టె విప్పేవాడు. తిరిగి బిగించాక అవి పలికాయా లేదా అని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం ఎండలో పడి వచ్చాడు. ఎండలో వచ్చిన మనిషికి మా వైపు ముందు చెంబెడు మజ్జిగ ఇస్తాం, తరువాతే మాట. ఉప్పు, పచ్చిమిరపకాయ, కరివేపాకు వేసి కలిపి పాపతో ఇప్పించాను. ఆయన చెంబు పట్టుకుని పాప పని చేసుకుంటున్న మూలకు వెళ్లి, ఆమె తల మీదుగా తెరలోకి వంగాడు.

"ఏమ్మే, ఏం చేస్తాండావు దీంట్లో?"

పాప ఓపికగా చెప్పింది. ఊళ్లో బోర్లలో నీళ్లు ఎంత లోతుకు పోయాయో అందులో ఎక్కిస్తే, ఏ బోరు ఎప్పటికి ఎండిపోతుందో అది ముందుగా చెబుతుందని. ఆయన నవ్వాడు.

"అట్లయితే నా కడుపు కొట్టినావు కదమ్మే. ఇంక నన్నెవరు పిలుస్తారు?"

మేము చెంబుకు నోరు తగిలించం. తల వెనక్కి వాల్చి, చెంబు పైకెత్తి, గొంతులోకి ధారగా పోసుకుంటాం. పాప అది చూసి, కొంచెం అవతల నిలబడి తాగు పెదనాయనా అంది. ఆయనకు అది నామోషీ అయింది.

"పుట్టినకాన్నుంచి ఎత్తి తాగుతాండా. చుక్క కింద పడినాదా ఏపొద్దన్నా?"

ఆ మాట అంటూనే చెంబు ఎత్తాడు. తన మాటకు తనకే నవ్వు ఆగలేదు, పొలమారింది. చెంబులో మజ్జిగ సగానికి సగం కీబోర్డు మీద కుమ్మరించాడు. తెల్లగా మీటల సందుల్లోకి దిగిపోయింది. కరివేపాకు రెబ్బ అక్షరాల మీద అతుక్కుని ఉండిపోయింది.

పాప అరవలేదు. ఠక్కున చార్జరు తీగ పీకింది, మిషను ఆపేసింది, తువ్వాలు మీద బోర్లించింది. మజ్జిగ బొట్లు బొట్లుగా కారుతోంది. అడుగున బ్యాటరీ ఊడదీయడానికి గొళ్లెం వెతుకుతోంది. ఇట్లా జరిగితే కరెంటు అనేదే లేకుండా చేసి, బాగా ఆరేదాకా మళ్లీ వేయకూడదని కాలేజీలో చెప్పారట. అదే మాట వాళ్ల పెదనాయనకూ చెప్పింది. ఆయన వింటేనా. పాప చేతుల్లోంచి దాన్ని లాక్కుని, తిప్పి నిటారుగా పెట్టాడు.

"స్టార్టరు డబ్బాలో వాననీళ్లు పోతే మేమేం చేస్తాము? ఆన్ చేసి ఇడుస్తాము. దాని వేడికి అదే ఆరిపోతాది."

"వద్దు పెదనాయనా. ఇది మోటారు కాదు, లోపల కాలిపోతాది."

"నాకు నేర్పుతావా కరెంటు సంగతి? జరుగు."

మా ఇళ్లలో తమ్ముడి భార్య బావ ముందుకు వచ్చి మాట్లాడదు. తలుపు వెనక నిలబడి, పిల్లలతోనో మొగుడితోనో చెప్పిస్తుంది. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ పద్ధతి దాటలేదు. ఆ గదిలోనే మంచం మీద ఒరిగి ఉన్న మా ఆయనతో తలుపు వెనక నుంచే, ఆ వస్తువు మనది కాదు, వదిలేయమని చెప్పు అన్నాను. గట్టిగానే అన్నాను, బావకు వినబడేటట్టే అన్నాను. మా ఆయన మంచం మీద నుంచి లేవలేదు. అన్నకు తెలియదా, ఊరుకో అన్నాడు.

బావ చార్జరు పెట్టి స్విచ్చి నొక్కాడు. చిన్న దీపం వెలిగింది. చూసినావా అన్నట్టు పాప వైపు చూశాడు. దీపం ఆరిపోయింది. మళ్లీ నొక్కాడు. తెర ఒకసారి తెల్లగా మెరిసి నల్లబడింది. మొండికేసిన మోటారును తిప్పినట్టు నొక్కుతూనే ఉన్నాడు. పాప ఆయన చెయ్యి పట్టుకుంది, విదిలించేశాడు. చివరికి కాలిన వాసన వచ్చింది. అప్పుడు చెయ్యి తీసి, ప్లాస్టిక్ సామాను ఇంతే, గట్టితనం ఉండదు అని, మిగిలిన మజ్జిగ తాగి చెంబు కింద పెట్టి వెళ్లిపోయాడు. నిజం చెబుతున్నాను, తాగి వెళ్లాడు.

పాప బ్యాటరీ ఊడదీసి, మిషను మూత తెరిచి, గుడిసె కప్పులాగా బోర్లా నిలబెట్టింది. చుట్టుపక్కలవాళ్లు వచ్చి తలా ఒక మాట చెప్పారు. మిద్దె మీద శనక్కాయలు ఆరబోసినట్టు ఎండలో పెట్టమని ఒకరు, పొయ్యి పక్కన పెట్టమని ఒకరు. మా మిద్దె బండల మీద ఎండకు చెప్పులే మెత్తబడతాయి. పాప ఎవరికీ ఇవ్వలేదు, దాని పక్కనే మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుంది. అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టినా తల తిప్పేసింది.

మర్నాడు ట్యాంకరు దగ్గర బిందె పెట్టి నిలబడితే, వెనకింటామె నన్ను పలకరించింది. పాపం, మీ పాప మజ్జిగ తాగుతా మిషను మీద పోసుకున్నాదంట కదక్కా అని. ఎవరు చెప్పారని అడిగాను. టీ అంగడి కాడ మీ బావే చెప్పినాడంట, బాగు చేయాలని శానా చూసినాడంట అంది. బిందె నిండి పొర్లుతున్నా నాకు తెలియలేదు. నీళ్లు పోతాండాయి అని పక్కవాళ్లు తిట్టారు. ఆ తిట్లు కూడా ఆయన ఖాతాలోనే వేశాను.

అనంతపురానికి నేనూ పాపా బయలుదేరాం. మా ఆయన బస్సు దాకా వచ్చి పాప చెవిలో ఏదో చెప్పాడు. మిషన్ను నా పాత నూలు చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాం. బస్టాండు దగ్గర సందులో మరమ్మతు అంగడి అతను మరలు విప్పి చూపించాడు. మజ్జిగ గట్టిపడి పొలుసులుగా ఉంది, దాని కింద పచ్చటి రేకు ఒకచోట నల్లగా మాడింది. తడి మీద కరెంటు ఇవ్వకుండా ఉంటే కడిగి ఆరబెట్టి ప్రయత్నించేవాణ్ని, ఇప్పుడు దీనితో పని లేదన్నాడు. పాప ఒక్కటే అడిగింది, లోపల దాచిన పని ఉందా అని. అతను అరచేతిలో పట్టే బిళ్లలాంటి ముక్క ఒకటి ఊడదీసి, దాచినదంతా ఇందులోనే ఉంటుందని, తన మిషనుకు తగిలించాడు. పని మొత్తం ఉంది. ఆ అంగట్లో నిలబడే పాప ఏడ్చింది, ఒలికిన నాటి నుంచి మొదటిసారి.

పని దక్కింది, మిషను పోయింది. అక్కడి నుంచి స్నేహితురాలి ఇంటికి వెళ్లాం. ఆ అమ్మాయి ఊడిన ముక్కలు ఒక్కొక్కటే తిప్పి చూసింది. తరువాత ఎట్లా అయిందే ఇది అని అడిగింది. మా పాప నేల చూపులు చూస్తూ, నేనే, తాగుతా పని చేసుకుంటాంటే ఒలికింది అంది.

బస్సు దగ్గర మా ఆయన చెవిలో ఏం చెప్పాడో నాకు అప్పుడు అర్థమైంది. పరాయి ఇంట్లో పెదనాయన పేరు ఎత్తొద్దని చెప్పి పంపాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒలకబోసినవాడు ఇంట్లో చల్లగా ఉన్నాడు, వద్దు వద్దని చెయ్యి పట్టుకున్న పిల్ల ఇక్కడ దోషిలాగా నిలబడింది.

"అబద్ధం చెప్తాండాదమ్మా ఈమె. ఒలకబోసింది వాళ్ల పెదనాయన. ఈమె వద్దన్నాది, ఈమె చేతిలోంచి గుంజుకుని మాడిపోయేదాకా నొక్కినాడు."

ఆ అమ్మాయి నా మొహం చూసింది. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

"మీ ఇంట్లో ఈమె వద్దంటే ఎవరూ వినరా ఆంటీ?"

లేచి బస్సెక్కాం. దారి పొడుగునా బస్సులో ఆ మాటే చెవుల్లో తిరిగింది. కళ్యాణదుర్గం ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు దాటిందో చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి బావ మా అరుగు మీదే ఉన్నాడు, తమ్ముడి పక్కన. బాగైందంటనా అని ఆయన మా ఆయననే అడిగాడు, నన్ను కాదు. నేను తలుపు వెనక్కి పోలేదు. ఎదురుగా నిలబడ్డాను.

"బాగు కాలేదు బావా. దుడ్లు నిన్ను అడగను, మా పొట్టేళ్లు అమ్మైనా ఆ పిల్లకు కొనిస్తాము. టీ అంగడి కాడ నా బిడ్డ మీద చెప్పినావు కదా. ఆడికే పోయి, నేను ఒలకబోసినా, వద్దంటే ఇనకుండా నొక్కినా అని చెప్పు. అది సాలు."

ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు.

"ఏమప్పా, నీ పెండ్లాం నోరు లేస్తాండాదే. చూస్తా కూర్చున్నావా?"

మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. బావ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ పూట నేను పొయ్యి వెలిగించలేదు. మా ఆయనను తిట్టలేదు కూడా. అనంతపురంలో ఆ అమ్మాయి అడిగిన మాట ఒక్కటే ఆయనకు చెప్పి, దీనికి నువ్వే జవాబు చెప్పు అని లోపలికి వెళ్లి పడుకున్నాను.

తరువాత ఏం జరిగిందో వెనకింటామె చెబితేనే తెలిసింది. పొద్దున్నే మా ఆయన టీ అంగడికి వెళ్లాడట. పదిమంది ఉన్నారట, బావ కూడా బల్ల మీద కూర్చుని ఉన్నాడట. మా ఆయన టీ చెప్పకుండా నిలబడే అన్నాడట: "మజ్జిగ పోసింది మా అన్న. స్విచ్చి నొక్కింది మా అన్న. నేను చూస్తా ఊరికే ఉండినా. మా పాప తప్పేమీ లేదు." అంతే చెప్పి వచ్చేశాడట. ఇంటికి వచ్చి నేరుగా పశువుల దగ్గరికి పోయాడు. కానీ ఆ రోజు అన్నం తినేటప్పుడు పాపను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

పాప కాలేజీలో తన పని చూపించింది, చదువు ముగించింది. పొట్టేళ్లు పోయాయి, ఆ అమ్మాయికి కొత్త మిషను వచ్చింది. బావ చాలా కాలం మా గడప తొక్కలేదు, తొక్కకపోతే నాకు ఇల్లు తేలికగానే ఉండింది. తరువాత రాకపోకలు కుదిరాయి, ఇప్పుడు నేనూ ఆయనతో ఎదురుగానే మాట్లాడతాను. కానీ నేను ఒలకబోశాను అన్న ఆ చిన్న మాట ఇప్పటిదాకా ఆయన నోట రాలేదు. అందుకే నా కోపం కూడా దిగలేదు. దిగాలని నేనేమీ మొక్కుకోవడమూ లేదు.

ఇంతసేపూ ఓపిగ్గా విన్నారు. మీ బోరులో నీళ్లు అడుగంటకుండా ఉండాలి, మీ అటక మీద గింజలు తరగకుండా ఉండాలి. మీ ఇంట్లో ఆడబిడ్డ వద్దు అంటే, ఎంత పెద్ద చెయ్యి అయినా అక్కడే ఆగిపోవాలి. చల్లగా ఉండండి.