పాత చీటీకి రుసుము

మీ మంచితనం ఎన్నాళ్ళు చెల్లుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

రంగూన్‌లోని తామ్వే పేటలో ఒకామె ఉండేది. ఒంటరి ముసలివాళ్ళకు జీతానికి తోడు కూర్చోవడం ఆమె పని. ఒప్పుకునే ముందు, అంతకుముందు ఆ ఇంట్లో తోడున్న మనిషి రాసిన చీటీ అడిగేది. చీటీ పాతదైతే పైన రుసుము కట్టాలి.

ఊరేగింపులు, వాటి మీద సైన్యం కాల్పులు అయిపోయి ఊరు నోరు మూసుకున్న రోజుల్లో, మంచాన పడ్డ మా అమ్మ కోసం, ఇదివరకు అమ్మకు తోడున్న మనిషి రాసిన చీటీ పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆమె ఎప్పటిలాగే చీటీ మీది తేదీని గోటితో గీరి చూసి, రుసుము అడిగింది.

"నిజానికి కాలదోషం పడుతుందా?" అని వాదించాను. సంస్కరణ సభల్లో అందర్నీ ఆధారాలు చూపమని నిలదీసిన గొంతు నాది.

"ఇది కాల్పులకి ముందు రాసింది బాబూ. ఆ తరవాత మీరేటి సేసినారో ఇందులో నేదు కదా," అంది విసుగ్గా.

నేను కట్టిన ఆ డబ్బుతో ఆమె పడవెక్కి, నది అవతలున్న దలా వెళ్ళి, చీటీ రాసిన మనిషిని కలిసింది. మర్నాడు మా గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"కర్ఫ్యూ పెట్టినారు, ఇంటికి పోనేను, ఈ రేతిరి ఉండనీండని ఆ మనిసి అడిగితే తలుపేసీసినారట. నన్నూ అలాగే గెంటీస్తారేటి?"

నిజమే. ఆ రోజు మేం భయపడ్డాం. లోపల్నుంచి అమ్మ "ఎవర్రా వచ్చింది?" అని అడుగుతూనే ఉంది. ఆమె ఆ గొంతు విని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

మీ ఇంట్లో పని చేసి మానేసిన మనిషి దగ్గరికి ఈరోజే వెళ్ళండి. మీ గురించి ఆమె చెప్పేదంతా ఎదురు మాట్లాడకుండా వినండి.