తొట్టి మూత తీసిన రోజు

ఈ పొద్దున వంటింట్లో కుళాయి కొంచెం తిప్పితే నీళ్లు గాజుకడ్డీలా కదలిక లేకుండా దిగాయి, ఇంకాస్త తిప్పేసరికి ఆ కడ్డీ వణికి, చెదిరి, తెల్లగా సుడులు తిరిగింది. ఆ చెదరడం ఎందుకు మొదలవుతుందో తెలుసుకోవాలని నా పడుచు వయసంతా పోగొట్టుకున్నానంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు గానీ, స్లైడ్‌రూలుతో లెక్కలు చేసిన నా ఈడు వాళ్లు నవ్వరనే ధైర్యంతో చెబుతున్నాను.

అరవైలలో మహబూబ్‌నగర్‌లో మెకానికల్ పాఠాలు చెబుతూ, కాలేజీ వెనుక రేకుల షెడ్డులో ఒక పెద్ద నీళ్ల తొట్టి, దానికి పొడవాటి గాజుగొట్టం పెట్టుకుని పరిశోధన చేసేవాణ్ణి. నారాయణపేటలో నూలుకు అద్దకం వేసే మా మేనమామ ఇచ్చిన ఎర్రరంగును ఆ గొట్టంలోకి సన్నగా వదిలితే, చీర అంచులా తిన్నగా సాగి, వేగం పెరిగాక ఒకచోట చెదిరిపోయేది. అయితే తొట్టిలో నీళ్లు ముందురోజు నుంచి కదలకుండా నిలవాలి, రోడ్డు మీద లారీ పోయినా ఆ అదురుకు రంగు గీత ముందే చెదిరేది.

ఆ ఏడు వానలు లేక బావులన్నీ ఎండాయి. వారం పాటు కాలేజీ బావి అడుగున ఊరిన కాసిని నీళ్లే తోడి తొట్టి నింపాను. నా పరిశోధనకు పెద్దదిక్కయిన ప్రొఫెసరుగారు ఆ నెలలోనే రిటైరవుతున్నారు, తొట్టి నిండిన మర్నాడు సాయంత్రం బస్సుకు వచ్చి ప్రయోగం కళ్లారా చూసి సంతకం చేయాలి. ఆయన తప్ప ఆ విషయం పట్టినవాళ్లు మా యూనివర్సిటీలో లేరు.

ఆరోజు మధ్యాహ్నం మా ఆవిడ ఖాళీ బిందెతో షెడ్డులోకి వచ్చింది. పక్కింటి బాలింతకు పురుటి స్నానం చేయించాలి. అది కానిదే ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వరు, ఆమెకు వండిపెట్టే దిక్కూ లేదు.

"ఊరంత తిరిగొచ్చిన, యాడ సుక్క నీళ్లు లెవ్వు. ఈడ తొట్టి నిండ ఉన్నయి" అంది.

"జర పొద్దుగూకేదాంక ఆగు" అని చేతులు పట్టుకుని బతిమాలాను.

"అప్పటికి రంగునీళ్లయితయి గద. పసిబిడ్డకు గవి పోస్తరా?"

ఆమె ఖాళీ బిందె తొట్టి పక్కన పెట్టి అక్కడే నిలబడింది. చివరికి మూత నేనే తీశాను. ఆమె వెనుకే వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు, తొట్టి అడుగు రేకు కనబడేదాకా ముంచుకుపోయారు. సాయంత్రం ప్రొఫెసరుగారు ఆ తడి రేకును చూసి, నా భుజం తట్టి, అదే బస్సులో వెళ్లిపోయారు. షెడ్డులో కూర్చుని ఏడ్చాను. నాకు డాక్టరేటు రాలేదు, మా ఆవిడ మీద కోపం కూడా ఎన్నో ఏళ్లు పోలేదు.

ఇప్పుడు ఆ సుడులన్నీ కంప్యూటరులోనే చూస్తారట, చుక్క నీళ్లు అక్కరలేదట. వాళ్లు అదృష్టవంతులు, వాళ్ల ముందుకు ఖాళీ బిందెతో ఎవరూ వచ్చి నిలబడరు. నాకు మాత్రం కుళాయి తిప్పినప్పుడల్లా, ఆ ధార చెదిరే చోటు ఇంకొక్కసారి చూడాలనిపిస్తుంది. అంతలోనే మా ఆవిడ చెయ్యి వచ్చి కుళాయి కట్టేస్తుంది.