లైట్‌హౌస్ దగ్గర విడిచిన పూలు

తన అస్థికలు ఎక్కడ కలపాలో వీబ్కె లోరెన్‌సెన్ చాలా ఏళ్ల కిందటే అంత్యక్రియల వాళ్లకు చెప్పిపెట్టింది. తానుండే కీల్‌లో కాదు, ఫ్రాన్సుకు పడమట బిస్కే అఖాతంలో. యుద్ధకాలంలో జలాంతర్గామిలో వంటవాడిగా పనిచేసిన ఆమె భర్త హిన్రిక్ అక్కడే మునిగిపోయాడని అప్పట్లో కబురొచ్చింది. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి ఉన్నది ఒక్క చలికాలం. మిగతా కాపురం అక్కడ చేద్దామని ఆమె ఆశ.

1995 శరదృతువులో ఒక ఆదివారం, కాఫీ వేళకు ఫోల్కర్ట్ టామ్‌సెన్ వచ్చాడు. అదే నావలో ఇంజన్లు చూసినవాడు. చివరి యాత్రకు ముందు కామెర్లొచ్చి ఆసుపత్రిలో ఉండిపోబట్టి బతికాడు. పళ్లెంలో పెట్టిన ప్లమ్ కేకు ముట్టుకోలేదు.

"ఏమయ్యా, నా కేకంటే కూడా భయమేనా?"

"అది కాదు వీబ్కె గారూ. మన నావ చరిత్ర మళ్లీ రాశారు."

ఆ చరిత్ర ఆమెకు కంఠతా వచ్చు. కీల్‌లో కట్టారు. బాల్టిక్‌లో తర్ఫీదు. మొదటి యాత్ర ఇక్కడి నుంచే, మిగతావి ఫ్రాన్సు తీరం నుంచి. మూడు సరుకు ఓడల్ని ముంచింది. నాలుగో యాత్రలో బ్రిటిష్ విమానం బాంబులేసి దాన్ని ముంచేసింది. ఇప్పుడు రెండు దేశాల రికార్డులూ పోల్చి చూస్తే, ఆ విమానం కొట్టింది వేరే నావనట. అది దెబ్బలతోనే ఒడ్డు చేరిందట.

"మరి మనది?"

"తెలియదండీ. బయల్దేరాక ఒక్క కబురూ లేదు. అట్లాంటిక్‌లో ఎక్కడైనా కావచ్చు."

"అంటే ఒడ్డు చేరినవాళ్ల కోసం యాభై ఏళ్లు ఏడ్చానన్నమాట. ఎంత తిక్కదాన్ని!" కప్పు పక్కన పెట్టింది. "మీరు ముంచిన ఓడల వాళ్ల పెళ్లాలకైనా చోటు తెలుసా?"

"తెలిసే ఉంటుంది. చోటు మేమే రాసిపెట్టుకున్నాం."

వీబ్కె అతని కప్పులో మళ్లీ కాఫీ పోసింది. తర్వాత ఆమె, అన్నేళ్లలో ఎప్పుడూ అడగనిది అడిగింది.

"మొదటిసారి వెళ్లినప్పుడు రేవులో పూలిచ్చాను. ఏం చేశాడు?"

"లైట్‌హౌస్ దాటాక నావలో పువ్వుంటే అరిష్టమని మా పట్టింపు. అందరం అక్కడే నీళ్లలోకి విసిరేశాం. మీ ఆయన మాత్రం కట్ట విప్పి ఒక్కొక్కటే వదిలాడు, కెప్టెన్ తిట్టేదాకా. కళ్లు ఎర్రగా ఉన్నాయేమిరా అంటే ఉల్లిపాయలు తరిగానన్నాడు."

"ఆ పూట ఏం వండాడు?"

"పాలన్నం."

ఆమె నవ్వింది. నవ్వు ఆగాక కూడా భుజాలు కదులుతూనే ఉన్నాయి.

మర్నాడు అంత్యక్రియల వాళ్లకు ఫోన్ చేసి బిస్కే వద్దంది. కీల్ దగ్గరి ఆ పాత లైట్‌హౌస్ పక్కన, రేవులోంచి వెళ్లేటప్పుడు కుడివైపున అంది. హిన్రిక్ పూలు వదిలింది ఏ వైపో ముందే ఫోల్కర్ట్‌నడిగి తెలుసుకుంది. అతనికి ఒక పనీ అప్పజెప్పింది.

"నువ్వప్పటికి బతికుంటే పూలు తీసుకురా. కట్ట కట్టలాగే వెయ్యకు. విప్పి వెయ్యి."