వేపాకు రసం, నా మెయిన్ స్విచ్

తెలంగాణ రాష్ట్రం రాకముందు నేను గోదావరిఖని బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్‌ని. ఒకనాడు మా బిడ్డ పనిచేసే మందుల ల్యాబుకు టిఫిన్ డబ్బా తీసుకపోయిన. అక్కడ ఒక గొట్టం చుట్ట గిరగిర తిరుగుతూ, ఒకదాంట్లో ఒకటి కలవని రెండు ద్రవాల సాయంతో వేపాకు రసంలోంచి మందును విడదీస్తున్నది. సాయంత్రంలోగా ఆ మందు శుద్ధంగా చూపిస్తేనే బిడ్డకు కొలువు ఖాయం.

గుప్పున ఘాటు వాసన! బాయిలో గ్యాస్ వస్తే ముందు కరెంటు తీయాలె. “గ్యాస్!” అని పెద్దపల్లి దాకా వినబడేట్టు అరిచి మెయిన్ స్విచ్ గుంజిన.

“ఏంది బాపూ గిట్ల జేసినవ్? అది ద్రవాల వాసనే! తిరుగుడు ఆగితే విడిపోయినయన్నీ మళ్ల కలుస్తయి!” అని బిడ్డ నెత్తి పట్టుకున్నది. మిగిలిన రసంతో మళ్ల మొదలుపెట్టి, “నువ్వు చేతులు జేబుల పెట్టుకొని కూసో” అన్నది.

కూసున్న. ముక్కు మీద ఈగ వాలి సంసారం పెట్టినా తోలలే. సాయంత్రానికి మందొచ్చింది, కొలువూ ఖాయమైంది.

బాయిలో ఎన్ని మోటర్లు బాగుచేసిన గని, చేతులు కదపకుండా చేసిన మంచిపని నా జన్మల అదొక్కటే.